లాకీషు దిబ్బ: బైబిల్‌ను రుజువు చేసిందా, తప్పని తేల్చిందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చర్చి యూత్ మీటింగ్‌లో బైబిల్‌లో కనిపించే యూదా కోట పట్టణం లాకీషు తవ్వకాల గురించి మాట్లాడాలి. ఒక వీడియోలో "లాకీషు తవ్వకాలు బైబిల్‌ను అక్షరాలా రుజువు చేశాయి" అన్నారు. ఇంకో వీడియోలో "యెహోషువ లాకీషును పట్టుకున్నాడన్నది కట్టుకథ అని తేలిపోయింది" అన్నారు. ఒకే ఊరి గురించి ఈ రెండూ ఎలా కుదురుతాయి, మీటింగ్‌లో ఏం చెప్పాలి?

వాళ్ళిద్దరూ మాట్లాడుతున్నది ఒకే దిబ్బ గురించే గానీ ఒకే పొర గురించి కాదు. మొదటాయన చూపిస్తున్నది క్రీ.పూ. 701 నాటి పొర. రెండో ఆయన చూపిస్తున్నది అంతకు నాలుగు వందల ఏళ్ళకు పైగా ముందు కాలిపోయిన పొర. 701 నాటి పొర బైబిల్ కథనంతో బాగా కలుస్తుంది, అంతకు ముందరిది కలవదు. కాబట్టి "లాకీషు ఏం చెబుతోంది" అని అడిగితే జవాబు రాదు, "ఏ పొర ఏం చెబుతోంది" అని అడగాలి. నేను పురావస్తు శాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి, మన దగ్గర పాటిదిబ్బల మీద పనిచేశాను. లాకీషు నాకు తవ్వకాల నివేదికల ద్వారా, మ్యూజియం ద్వారా తెలిసిన చోటు. ఓపికగా చదవండి, కాస్త పెద్ద జవాబే.

ముందు దిబ్బ సంగతి. మన పల్లెల పక్కన పాటిదిబ్బ ఎలా పెరుగుతుందో అక్కడా అలాగే పెరిగింది. మట్టి ఇటుకల ఇళ్ళు కూలతాయి, కాలతాయి. శిథిలాలను ఎత్తిపోసే ఓపిక ఎవరికీ ఉండదు, చదును చేసి వాటి మీదే కొత్తవి కడతారు. వేల ఏళ్ళు ఇదే జరిగితే గుట్ట అవుతుంది. లాకీషు దిబ్బ యెరూషలేముకు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీర మైదానానికీ యూదా కొండలకూ మధ్యనున్న షెఫేలా గుట్టల ప్రాంతంలో ఉంది. పైభాగం దాదాపు 18 ఎకరాలు. తీరం వైపు నుంచి యూదా కొండల మీదికి రావాలనుకునే సైన్యానికి దీన్ని వదిలేసి ముందుకు పోవడం కష్టం. ఈ ఊరి చరిత్రలో ఇన్నిసార్లు మంటలు ఎందుకు కనబడతాయో అర్థం కావాలంటే ఆ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. తవ్వినవాళ్ళు పొరలకు పైనుంచి కిందికి నంబర్లు ఇచ్చారు. ఒకటో పొర పారశీక, గ్రీకు కాలాలది, రెండోది బబులోనువారు కాల్చింది, మూడోది అష్షూరువారు కాల్చింది. నాలుగు, అయిదు అంతకు ముందరి యూదా రాజుల కాలానివి. ఆరు, ఏడు ఆ రాజుల కంటే ముందు అక్కడున్న కనానీయులవి. కింద ఇంకా ఉన్నాయి.

అసలు ఇది లాకీషే అని ఎలా తెలుసు? దిబ్బ మీద బోర్డేమీ లేదు కదా. అరబ్బులు దీన్ని టెల్ ఎద్-దువైర్ అనేవారు. 1890లో ఫ్లిండర్స్ పెట్రీ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న టెల్ ఎల్-హెసి అనే వేరే దిబ్బను తవ్వి, అదే లాకీషు అనుకున్నాడు. పేరు విషయంలో పొరబడ్డాడు గానీ, పొరలను, కుండపెంకుల తీరును కలిపి చదివితే కాలం కట్టవచ్చని పాలస్తీనాలో మొదట చూపించింది ఆ తవ్వకంలోనే. మట్టిపని చేసేవాళ్ళందరం ఇప్పటికీ ఆ పద్ధతి మీదే బతుకుతున్నాం. టెల్ ఎద్-దువైరే లాకీషు అని 1929లో విలియం ఆల్‌బ్రైట్ సూచించాడు. దిబ్బ సైజు, రోమన్ కాలపు రచయిత యూసేబియస్ చెప్పిన దూరం, ఆ తర్వాత దొరికిన ఆధారాలు అన్నీ అటే మొగ్గాయి. ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

ఇక 701. ఈ సంవత్సరం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ప్రాచీన చరిత్రలో ఇలాంటి అదృష్టం అరుదు. ఒకే సంఘటనకు ఓడినవాళ్ళ రాత, గెలిచినవాళ్ళ రాత, గెలిచినవాళ్ళ బొమ్మ, నేలలో మిగిలిన ఆనవాళ్ళు, నాలుగూ ఉన్నాయి.

రెండవ రాజులు 18వ అధ్యాయంలో యూదా రాజు హిజ్కియా ఏలుబడి 14వ సంవత్సరంలో అష్షూరు రాజు సన్హెరీబు యూదా ప్రాకారపట్టణాలన్నిటి మీదికి వచ్చి పట్టుకున్నాడని ఉంది. హిజ్కియా తప్పు ఒప్పుకుంటూ దూతలను పంపింది లాకీషుకే, ఎందుకంటే సన్హెరీబు అప్పుడు అక్కడే ఉన్నాడు. అష్షూరు వాళ్ళ రాత ఆరు ముఖాల మట్టి దిమ్మెల మీద ఉంది. వాటిలో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, టేలర్ ప్రిజం అంటారు. 46 ప్రాకారపట్టణాలను పట్టుకున్నాననీ, 2,00,150 మందిని బయటికి తోలుకొచ్చాననీ, హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించాననీ సన్హెరీబు అందులో చెప్పుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనలేదు. కప్పం దగ్గర రెండు రాతలూ సగం కలుస్తాయి: బంగారం రెండింట్లోనూ 30 తలాంతులు (తలాంతు ఆ కాలపు తూకం), వెండి మాత్రం బైబిల్‌లో 300, అష్షూరు రాతలో 800. మీ తెలుగు బైబిల్‌లో ఈ అంకెలు వేరుగా కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ తలాంతులను మణుగుల్లోకి మార్చి రాశారు.

ఇప్పుడు అసలు తమాషా. ఆ మట్టి దిమ్మెల్లో లాకీషు పేరే లేదు. 46 పట్టణాల లెక్కలో కలిసిపోయింది. కానీ అష్షూరు రాజధాని నీనెవెలో సన్హెరీబు కట్టించుకున్న రాజభవనంలో ఒక గది గోడలన్నీ లాకీషు ముట్టడి బొమ్మలతోనే నింపించాడు. ఆ శిల్పాలను 19వ శతాబ్దం మధ్యలో ఆస్టిన్ హెన్రీ లేయార్డ్ తవ్వి తీశాడు. సన్హెరీబు సింహాసనం మీద కూర్చుని లాకీషు దోపుడు సొమ్మును పరిశీలించాడని బొమ్మ పక్కనే క్యూనిఫారం లిపిలో రాసుంది, అందుకే ఏ ఊరన్నది తెలిసింది. యెరూషలేము చిక్కలేదు కాబట్టి దాని బదులు లాకీషును గోడకెక్కించాడని చాలామంది పండితులు అంటారు. ఆ రాజుల పొగరు చూస్తే నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఆ శిల్పంలో ఏముందో మాటల్లో చెప్పడం కష్టం, అయినా చెబుతాను. కోట గోడ మీదికి ఏటవాలు దారులు వేశారు. వాటి మీద గోడలు కూల్చే చక్రాల యంత్రాలు ఎక్కుతున్నాయి. పైనుంచి ఊరివాళ్ళు మండే కాగడాలు విసురుతుంటే, యంత్రంలోని సైనికుడు పొడుగు గరిటెతో నీళ్ళు పోసి మంట ఆర్పుతున్నాడు. వెనక విలుకాళ్ళు, వడిసెల తిప్పేవాళ్ళు బారులు తీరారు. ఇంకో వైపు ఊరు లొంగిపోయాక జనం మూటాముల్లె ఎద్దుబండ్ల మీద వేసుకుని బయటికి నడుస్తున్నారు, ఆడవాళ్ళు, పిల్లలు బండ్ల మీద కూర్చున్నారు. కొందరు మగవాళ్ళను కొరత వేశారు, కొందరి చర్మం ఒలుస్తున్నారు. చివర్లో సింహాసనం మీద సన్హెరీబు. ఆయన మొహం మాత్రం ఎవరో కావాలని చెక్కేశారు, క్రీ.పూ. 612లో నీనెవె పడిపోయినప్పుడు కసి తీర్చుకున్నట్టుంది.

ఇది కేవలం రాజు గొప్పల కోసం గీయించిన బొమ్మా, నిజంగా జరిగిందా? ఇక్కడే దిబ్బ మాట్లాడుతుంది. నైరుతి మూలలో పెద్ద రాళ్ళ కుప్ప ఉంది. 1930లలో తవ్విన జేమ్స్ లెస్లీ స్టార్కీ బృందం అది కూలిన గోడల రాళ్ళు అనుకుని కొంత తీసేసింది కూడా. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఉస్సిష్కిన్ 1973 నుంచి 1994 వరకు జరిపిన తవ్వకాల్లో అది అష్షూరు సైన్యం పోసిన ముట్టడి దిబ్బ అని తేలింది. తెలుగు బైబిల్‌లో సన్హెరీబు యెరూషలేము ఎదుట "ముట్టడి దిబ్బ" కట్టడు అని ఉంటుందే, అలాంటిదే లాకీషు ఎదుట కట్టాడు. అష్షూరువాళ్ళు కట్టిన వాటిలో ఈనాటికీ నేల మీద మిగిలింది ఇదొక్కటే. అడుగున సుమారు 70 మీటర్ల వెడల్పు, పై పొర రాళ్ళను సున్నంతో గట్టిగా అతికించారు. యంత్రాల చక్రాలు జారకూడదు కదా. లోపలి వైపు ఊరివాళ్ళు కూడా ఊరుకోలేదు. గోడ పగిలితే అడ్డుగా ఉండేలా వెనకాల ఎదురు దిబ్బ పోశారు.

ఉస్సిష్కిన్ లెక్క ప్రకారం ఈ ముట్టడి దిబ్బలో 13,000 నుంచి 19,000 టన్నుల రాళ్ళు ఉన్నాయి. ఎలా మోశారు? 2021లో పురావస్తు శాస్త్రవేత్త యోసెఫ్ గార్ఫింకెల్, మరికొందరు ఒక లెక్క వేశారు. ఒక్కో రాయి ఆరున్నర కిలోల చొప్పున సుమారు 30 లక్షల రాళ్ళు, మనుషులు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందిస్తే రోజుకు 1,60,000 రాళ్ళు, అంటే పాతిక రోజుల్లోపు పని పూర్తవుతుందన్నారు. ఇది అంచనా మాత్రమే, రాజు రాయించిన లెక్క కాదు. అయినా అష్షూరు సైన్యం అంటే మిగతా రాజ్యాలకు ఎందుకు అంత టెన్షనో అర్థమవుతుంది. కండబలం కంటే ముందు ఏర్పాట్లలో ఆరితేరినవాళ్ళు.

గోడ పగిలిన చోట దాదాపు వెయ్యి బాణం ములుకులు దొరికాయి. గుండ్రంగా చెక్కిన వడిసెల రాళ్ళు, కవచం పొలుసులు, ఒక ఇనుప గొలుసు ముక్క కూడా. గొలుసు ఎందుకంటే, యంత్రపు దూలం గోడను పొడవడానికి వచ్చినప్పుడు పైనుంచి గొలుసు వేసి పట్టి లాగేవారు. వేరే అష్షూరు శిల్పాల్లో ఆ దృశ్యం ఉంది. ఇవన్నీ మందపాటి బూడిద, కాలిన ఇటుకల మధ్య ఉన్నాయి. దిబ్బ పక్క గుహల్లో స్టార్కీ బృందానికి సుమారు 1,500 మంది ఎముకలు కుప్పగా దొరికాయి. 701 తర్వాత ఊరిని శుభ్రం చేస్తూ పడేసిన శవాలని ఆయన అనుకున్నాడు. ఆ పుర్రెల్లో మూడింటికి శస్త్రచికిత్స చేసిన రంధ్రాలున్నాయి. గుహల్లోని ఎముకలను ముట్టడితో నేరుగా ముడిపెట్టే గట్టి దారం లేదు కాబట్టి, వీటిని నేను ప్రధాన సాక్ష్యంలో కలపను.

అంతా ఇంత చక్కగా కలిసిందని చూస్తే మొదటినుంచీ ఇలాగే అనుకున్నారేమో అనిపిస్తుంది. లేదు. ఈ మూడో పొర 701దా, లేక బబులోను రాజు నెబుకద్నెజరు మొదటిసారి దండెత్తిన 597దా అని నలభై ఏళ్ళు వాదించుకున్నారు. స్టార్కీ 597 అన్నాడు, ఆల్‌బ్రైట్ వంటి పెద్దలు కూడా అదే పట్టు పట్టారు. స్టార్కీని 1938 జనవరిలో యెరూషలేముకు వెళ్ళే దారిలో సాయుధులు కాల్చి చంపారు, నివేదికల భారం ఆయన దగ్గర పనిచేసిన ఓల్గా టఫ్నెల్ మీద పడింది. ఆవిడ ఏళ్ళ తరబడి కుండలన్నీ సరిచూసి 1953లో తేల్చి చెప్పింది: మూడో పొర కుండలకూ రెండో పొర కుండలకూ ఇంత తేడా పదేళ్ళలో రాదు, మధ్యలో వందేళ్ళయినా గడిచి ఉండాలి, కాబట్టి మూడోది 701. తన పాత నాయకుడు చెప్పినదానికి, ఆ రోజుల్లో అందరికంటే పేరున్నవాళ్ళకు ఎదురు నిలబడింది. ఉస్సిష్కిన్ తవ్వకాల్లో ఆవిడ మాటే నిలిచింది. ఆయన చెప్పిన తర్కం కూడా తేలికే. మూడో పొర కింద ఉన్న నాలుగో పొర అలా మంటల్లో కాలిపోలేదు. మరి మూడోది 701 కాకపోతే సన్హెరీబు కాల్చిన ఊరు ఎక్కడ?

దీనివల్ల ఒక పెద్ద మేలు జరిగింది. యూదా రాజుల ముద్ర వేసిన కాగులు ఈ పొరలో దొరికాయి. కాగు చెవుల (పిడుల) మీద "రాజుకు చెందినది" అనే అర్థం వచ్చే పాత హీబ్రూ అక్షరాలు, రెండు రెక్కల లేదా నాలుగు రెక్కల బొమ్మ, హెబ్రోను, శోకో, జీఫు వంటి ఊరి పేరు ఉంటాయి. లాకీషులో ఇలాంటి చెవులు 400కు పైగా దొరికాయి. రెండు రెక్కలవి ఒక కాలానివీ నాలుగు రెక్కలవి ఇంకో కాలానివీ అని అంతకు ముందు అనుకునేవారు. కాలిన గదుల్లో రెండు రకాలూ కలిసి దొరకడంతో ఆ మాట పోయింది. ఒక కాగులో 40 నుంచి 50 లీటర్ల దాకా పడుతుంది. ఇప్పుడు యూదాలో ఎక్కడ ఏ చిన్న ఊరు తవ్వినా, కుండపెంకులు లాకీషు మూడో పొరతో పోల్చి "ఇది 701 ప్రాంతం" అని చెప్పగలుగుతున్నారు. బైబిల్ రుజువైందా లేదా అన్న గోల కంటే ఇదే పెద్ద ఫలితం అని నా అభిప్రాయం. కానీ వీడియోల్లో దీనికి చోటుండదు.

ఒక హద్దు గుర్తుంచుకోండి. యెరూషలేము బయట అష్షూరు దండులో ఒక్క రాత్రి 1,85,000 మంది చనిపోయారన్న బైబిల్ మాట మీద లాకీషు దిబ్బ ఏమీ చెప్పదు. అది వేరే చోటు, వేరే రాత్రి. 701 పొర చూపించి ఆ వచనం కూడా రుజువైందని ఎవరైనా అంటే, అది దిబ్బ అనని మాట.

ఇప్పుడు రెండో వీడియో సంగతి. యెహోషువ 10వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు లాకీషును రెండో రోజున పట్టుకుని అందరినీ హతం చేశారని ఉంది. కనానీయుల లాకీషు మామూలు ఊరు కాదు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు ఫరోకు ఇక్కడి రాజులు జిమ్రెద్ద, షిప్తి-బాలు రాసిన ఉత్తరాలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి. దిబ్బ పక్క పాత కందకంలో కట్టిన గుడిలో అక్షరాలు రాసిన కూజా దొరికింది, ఒక దేవతకు ఇచ్చిన కానుక అది. ఈ కనానీయుల నగరం చివరి దశ, ఆరో పొర, ఘోరంగా కాలిపోయింది. ఎప్పుడు? కాలిన శిథిలాల కింద మూడవ రామ్సెస్ పేరు చెక్కిన కంచు ముక్క దొరికింది. ఆయన 12వ శతాబ్దం మొదట్లో ఏలినవాడు. అంటే ఊరు ఆయన కాలం వరకైనా నిలిచి ఉంది. ఉస్సిష్కిన్ దాని నాశనాన్ని క్రీ.పూ. 1130 ప్రాంతంలో పెట్టాడు. యెహోషువ గ్రంథం ప్రకారం లాకీషు పడిన కొద్ది కాలానికే హాసోరు కూడా పడాలి, కానీ హాసోరు కనానీయ నగరం కాలింది 13వ శతాబ్దంలో. రెండింటి మధ్య వందేళ్ళ చుట్టుపక్కల తేడా ఉంది. ఒకే నాయకుడు ఒకే దండయాత్రలో ఈ రెండు ఊళ్ళనూ కాల్చాడనడం కుదరదు. ఆరో పొరను ఎవరు కాల్చారో చెప్పే పేరు, రాత బూడిదలో ఏమీ లేదు. ఈజిప్టు పట్టు సడలిన కాలమది, దండెత్తడానికి చాలామందికి అవకాశం ఉంది. ఆ తర్వాత చాలా కాలం ఊరు ఖాళీగా పడి ఉంది.

కాబట్టి రెండో వీడియోలో "యెహోషువ దండయాత్ర వర్ణన ఉన్నదున్నట్టు ఈ పొరలతో కలవదు" అన్నంత వరకూ సరైనదే. "కట్టుకథ అని తేలింది" అన్నది మాత్రం దిబ్బ తీర్చగలిగిన తగువు కాదు. ఆ గ్రంథం ఎప్పుడు, ఎలా కూర్చారన్నది గ్రంథం చదివి తేల్చుకోవలసిన విషయం.

సొలొమోను కొడుకు రెహబాము రాజు సంగతి తొందరగా చెప్పి వదిలేస్తాను. రెండవ దినవృత్తాంతములు 11లో ఆయన లాకీషును బలపరచాడని ఉంది. గార్ఫింకెల్ బృందం అయిదో పొర కాలపు గోడ ఒకటి దొరికిందనీ, ఆలివ్ గింజల రేడియోకార్బన్ పరీక్ష క్రీ.పూ. 10వ శతాబ్దం చివరి భాగాన్ని చూపిస్తోందనీ 2019లో ప్రకటించింది. ఉస్సిష్కిన్ ఒప్పుకోలేదు. ఇంకా నడుస్తున్న వాదన, మీటింగ్‌లో ఎత్తకపోతే మంచిది.

ఉత్తరాల దగ్గర మాత్రం ఆగాలి, కుర్రాళ్ళకు ఇవే బాగా నచ్చుతాయి. 1935లో కోట ద్వారం దగ్గరి గదిలో, రెండో పొర బూడిదలో, సిరాతో రాసిన 18 కుండపెంకులు స్టార్కీకి దొరికాయి, తర్వాత మరో మూడు. రాయడానికి వాడే పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన పట్టా) ఖరీదైనది కాబట్టి చిన్న ఉత్తరాలకు పగిలిన పెంకులే వాడేవారు. బబులోను సైన్యం వచ్చే ముందు రోజులవి ఇవి. హోషయాహు అనే కింది అధికారి యావోషు అనే పై అధికారికి రాసినవి ఉన్నాయి. ఒకదానిలో పాపం బాగా నొచ్చుకున్నాడు: నాకు ఉత్తరం చదవడం రాదని అన్నావట, యెహోవా జీవము తోడు, నాకు ఉత్తరం చదివిపెట్టడానికి ఎవడూ ఎప్పుడూ ప్రయత్నించలేదు, అని. రెండువేల ఆరువందల ఏళ్ళ కిందటి ఆఫీసు గొడవ! చదువు రాదన్న మాట అంత అవమానం అనిపించిందంటే, ఆ కాలపు యూదా సైన్యంలో చదవడం, రాయడం ఎంత దూరం పాకిందో ఊహించవచ్చు.

నాలుగో ఉత్తరం చివర లాకీషు నిప్పు సంకేతాల కోసం చూస్తున్నామని, అజేకా మాకు కనబడడం లేదని ఉంది. యిర్మీయా 34:7లో యూదా ప్రాకారపట్టణాల్లో లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని ఉంది. రెండూ పక్కపక్కన పెడితే "అప్పటికి అజేకా కూడా పడిపోయింది" అని చదవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చెప్పేవాళ్ళే ఎక్కువ. అయ్యుండవచ్చు కూడా. కానీ ఉత్తరంలో ఉన్నది "కనబడడం లేదు" అన్న మాటే. పడిపోయిందని లేదు. మీరు ఆ రెండింటినీ చదివించి, తేడా పిల్లలనే చెప్పమనండి. ఇంకో ఉత్తరంలో "ప్రవక్త" అన్న మాట, ఎల్నాతాను కుమారుడు కొనియాహు ఈజిప్టుకు వెళ్ళాడన్న వార్త ఉన్నాయి. ఈ ఉత్తరాలను మొదట ప్రచురించిన టోర్జ్‌నర్ దీన్ని యిర్మీయా 26లోని ఊరియా ప్రవక్త కథతో కలిపాడు. పేర్లు కాస్త దగ్గరగా ఉన్నా మనుషులు ఒకరే అనడానికి అది చాలదు, తర్వాతివాళ్ళు ఎక్కువమంది ఒప్పుకోలేదు.

మరో మాట. 2016లో కోట ద్వారం పక్క గదిలో ఒక పూజాస్థలం దొరికింది. బలిపీఠాల కొమ్ములు విరగ్గొట్టి ఉన్నాయి, లోపల రాతితో చేసిన మరుగుదొడ్డి పీట ఉంది, అది ఎప్పుడూ వాడలేదని పరీక్షల్లో తేలింది. హిజ్కియా ఉన్నత స్థలాలను (ఊళ్ళలోని పూజాస్థలాలను) కొట్టివేయించినప్పుడు ఈ చోటును అపవిత్రం చేయడానికి పెట్టారని తవ్వినవాళ్ళు అన్నారు. రెండవ రాజులు 10లో బయలు గుడిని పెంటయిల్లుగా చేశారన్న మాటతో పోల్చారు. ఆకట్టుకునే వాదనే. అయితే అది గుడే కాదన్న నిపుణులు కూడా ఉన్నారు. నేనైతే "కావచ్చు" దగ్గర ఆగుతాను.

బైబిల్‌తో ఏ సంబంధం లేకపోయినా నాకు లాకీషులో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఒక పేలదువ్వెన. ఏనుగు దంతంతో చేసింది, సైజు మూడున్నర సెంటీమీటర్లు. 2016లో దొరికినా దాని మీద గీతలు అక్షరాలని 2021లో గానీ ఎవరికీ కనబడలేదు. 17 కనానీయ అక్షరాలు: ఈ దంతం జుట్టులోని, గడ్డంలోని పేలను ఊడబెరుకు గాక, అని. అక్షరాల తీరును బట్టి క్రీ.పూ. 1700 ప్రాంతానిదంటున్నారు. కనానులో ఏనుగులు లేవు కాబట్టి దంతం ఈజిప్టు వైపు నుంచి వచ్చి ఉండాలి, అంటే డబ్బున్నవాళ్ళ దువ్వెన. మనకు తెలిసినంతలో ఆ అక్షరాలతో రాసిన మొట్టమొదటి పూర్తి వాక్యం పేల గురించి!

వీడియోలు నమ్మే ముందు ఇది కూడా వినండి. 2022 డిసెంబరులో లాకీషు చూడటానికి వచ్చిన ఒకరికి పారశీక రాజు దర్యావేషు పేరు, ఆయన 24వ సంవత్సరం రాసిన పెంకు దొరికింది. ఇజ్రాయెల్ పురావస్తు శాఖ పరీక్షలు చేసి 2023 మార్చి 1న ప్రకటించింది. మార్చి 3న అదే శాఖ వెనక్కి తీసుకుంది. అంతకు ముందు వేసవిలో తవ్వకానికి వచ్చిన ఒక విదేశీ నిపుణురాలు, పాత కాలంలో పెంకుల మీద ఎలా గీసేవారో విద్యార్థులకు చూపించడానికి నిజమైన పాత పెంకు మీదే గీసి, అక్కడే వదిలేసింది. పెంకు పాతదే కావడంతో ల్యాబ్‌లో దొరకలేదు. ఇందులో మోసం లేదు, అజాగ్రత్త మాత్రమే. శాఖ రెండు రోజుల్లో నిజం చెప్పడం మెచ్చుకోదగ్గదే. కానీ మొదటి వార్త పరుగెత్తినంత దూరం రెండోది పోదు కదా.

మీ మీటింగ్‌కు గంటే టైం ఉంటే 701 ఒక్కటే తీసుకోండి. రెండవ రాజులు 18:13-17 చదివించి, నీనెవె శిల్పాల ఫోటోలు, నైరుతి మూల ముట్టడి దిబ్బ ఫోటో పక్కపక్కన చూపించండి. కప్పం అంకెల్లో తేడా దాచకండి, పిల్లలు ఎలాగూ ఫోన్‌లో వెతుకుతారు. యెహోషువ గురించి ఎవరైనా అడిగితే ఆరో పొర, రామ్సెస్ కంచు ముక్క సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. మీవాళ్ళెవరైనా లండన్‌లో ఉంటే బ్రిటిష్ మ్యూజియంకు వెళ్ళమనండి, ప్రవేశం ఉచితం. శిల్పాలు, టేలర్ ప్రిజం, ఉత్తరాల్లో చాలావరకు ఆ ఒక్క భవనంలోనే ఉన్నాయి. మన వైపు నుంచి వెళ్ళే హోలీ ల్యాండ్ టూర్ బస్సులు చాలావరకు లాకీషు దగ్గర ఆగవు. వెళ్ళే ఆలోచన ఉంటే ముందే టూర్ వాళ్ళను అడిగి ప్లాన్‌లో పెట్టించుకోండి. దిబ్బ మీద నీడ తక్కువ కాబట్టి ఎండ ముదరకముందే ఎక్కేలా చూసుకోండి.